ప్లాస్మాతో ఉక్కుకు గట్టిదనం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఈఎన్19 రకం ఉక్కుతో గేరు షాఫ్టులు చేస్తాం. కాల్చి నూనెలో ముంచితే వంకర పోతున్నాయి. వచ్చే కూలిలో సగం గ్రైండింగ్‌కే పోతోంది. ప్లాస్మా నైట్రైడింగ్‌తో ఈ బాధ తీరుతుందా?
– ఒక వర్క్‌షాపు యజమాని, రేణిగుంట

జవాబు: చాలావరకు తీరుతుంది. నైట్రైడింగ్ అంటే ఉక్కు పై పొరలోకి నైట్రోజన్‌ను ఇంకించి గట్టిపరచడం. ప్లాస్మా అంటే కరెంటు దెబ్బకు అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న కణాలుగా, విడిపోయిన వాయువు. నూనెలో ముంచినప్పుడు ఉక్కు ఒక్కసారిగా చల్లబడి, లోపలి నిర్మాణం మారడం వల్లే వంకర వస్తుంది. నైట్రైడింగ్‌లో ముంచడమే ఉండదు. గాలి తీసేసిన గదిలోకి నైట్రోజన్, హైడ్రోజన్ కొద్దికొద్దిగా వదిలి, ఒత్తిడిని 2 నుంచి 5 మిల్లీబార్ల మధ్య ఉంచుతారు. షాఫ్టుకు మైనస్, గది గోడకు ప్లస్ కలిపి 400 నుంచి 700 వోల్టులు ఇస్తే షాఫ్టు చుట్టూ ఊదారంగు వెలుగు కమ్ముకుంటుంది. అయాన్లు తగిలి షాఫ్టు వేడెక్కుతుంది, నైట్రోజన్ లోపలికి ఇంకుతుంది. 520 డిగ్రీల దగ్గర 20, 24 గంటలు ఉంచితే సుమారు 0.3 మి.మీ. లోతు, పైన 600 విక్కర్స్‌కు (గట్టిదనం కొలిచే ప్రమాణం) పైగా గట్టిదనం వస్తాయి.

అసలు పని మాత్రం మీ షెడ్డులోనే ఉంది. ముందు హార్డనింగ్ (కాల్చి ముంచడం) చేసి 600 డిగ్రీల దగ్గర టెంపరింగ్ (పెళుసుదనం పోయేలా మళ్లీ వేడి చేయడం) చేయించండి. ఈ దశలో వచ్చే వంకర తర్వాతి మెషినింగ్‌లో పోతుంది. రఫ్ మెషినింగ్ అయ్యాక 560 దగ్గర స్ట్రెస్ రిలీవింగ్ (లోపలి బిగువు పోయేలా వేడి చేయడం), ఆ తర్వాతే ఫినిషింగ్. టెంపరింగ్ వేడి నైట్రైడింగ్ వేడికన్నా కనీసం 30 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, లేకుంటే లోపలి ఉక్కు మెత్తబడుతుంది. స్ట్రెస్ రిలీవింగ్ ఎగ్గొడితే మెషినింగ్‌లో దాగిన బిగువు గదిలో విడివడి, మళ్లీ అదే వంకర.

వ్యాసం 10 నుంచి 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) పెరుగుతుంది. బేరింగ్ కూర్చునే చోట ఆ మేరకు తగ్గించి ఫినిష్ చేయండి. తుప్పు, కటింగ్ ఆయిల్, రంధ్రంలో ఇరుక్కున్న పొట్టు ఏది మిగిలినా అక్కడ ఆర్క్ (విద్యుత్ మెరుపు) కొట్టి మచ్చ పడుతుంది. సన్నని రంధ్రాలను ఉక్కు బిరడాలతో మూయించండి. ఎదురెదురు గోడల మీది వెలుగు కలిసిపోతే ఆ చోటు మిగతా భాగంకన్నా బాగా కాగి పాడవుతుంది.

ఒక్క మాట. గేరు మీద దెబ్బల్లా లోడు పడేదైతే దీని జోలికి పోవద్దు. పలచని గట్టి పొర కింద మెత్తని ఉక్కు అణిగితే పై పొర గుడ్డు పెంకులా పగులుతుంది. అక్కడ పాత కార్బరైజింగే (కార్బన్ ఇంకించి, ముంచి గట్టిపరచడం) మేలు.

ప్రశ్న: తోతాపురి గుజ్జు తీసే మిషన్‌లో 316 స్టెయిన్‌లెస్ స్లీవ్‌లు త్వరగా అరుగుతున్నాయని నైట్రైడింగ్ చేయించాం. గట్టిపడ్డాయి గానీ నెలకే తుప్పు పట్టాయి. ఎందుకు?
– ఒక మెయింటెనెన్స్ ఫిట్టర్, చిత్తూరు

జవాబు: వేడి ఎక్కువ పెట్టి ఉంటారు. మామూలు ఉక్కుతో కలిపి ఒకే బ్యాచ్‌లో 520 దగ్గర నడిపితే ఇదే జరుగుతుంది. 450 డిగ్రీలు దాటితే నైట్రోజన్ క్రోమియంను పట్టేసుకుని క్రోమియం నైట్రైడ్ అవుతుంది. తుప్పును ఆపాల్సిన క్రోమియం ఇక ఉక్కులో చాలదు. గుజ్జు పులుపే ఆపై పని పూర్తి చేస్తుంది. 400, 430 మధ్య చేస్తే 10, 20 మైక్రాన్ల పలచని పొరే వస్తుంది, కానీ 1000 విక్కర్స్ దాటుతుంది, తుప్పుకూ తట్టుకుంటుంది. జాబ్ ఆర్డర్‌లో ‘430 దాటరాదు’ అని రాసివ్వండి, టెంపరేచర్ చార్టు అడిగి తీసుకోండి. అదే ఉక్కు ముక్కొకటి బ్యాచ్‌లో పెట్టించి, రెండు రోజులు ఉప్పునీళ్లలో ఉంచి చూశాకే స్లీవ్‌లు బిగించండి. తుప్పు పట్టినవాటిని మళ్లీ గదిలో పెట్టి లాభం లేదు.

ప్రశ్న: ఈఎన్8 పిన్నులు నైట్రైడింగ్ చేసినా గట్టిపడలేదు.
– రేణిగుంట నుంచే మరొకరు

జవాబు: గట్టిదనం తెచ్చేవి క్రోమియం, అల్యూమినియం, వెనేడియం లాంటివాటితో ఏర్పడే నైట్రైడ్‌లు. ఈఎన్8 మామూలు కార్బన్ ఉక్కు, అందులో అవి లేవు. క్రోమియం, అల్యూమినియం ఉన్న ఈఎన్41బి ఉక్కు వాడితే 900 విక్కర్స్ పైమాటే.

ప్రశ్న: అయాన్ ఇంప్లాంటేషన్, ప్లాస్మా నైట్రైడింగ్ ఒకటేనా?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, తిరుపతి

జవాబు: కాదు. నైట్రైడింగ్‌లో నైట్రోజన్‌ను లోపలికి నడిపించేది వేడి. ఇంప్లాంటేషన్‌లో వేగం. 50 నుంచి 200 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో అయాన్లను సూటిగా గుచ్చుతారు. చదరపు సెంటీమీటరుకు 10^17 (ఒకటి పక్కన 17 సున్నాలు) అయాన్ల దాకా పంపినా లోతు 0.1, 0.2 మైక్రాన్లే. వస్తువును 200 డిగ్రీల లోపే ఉంచవచ్చు, కొలత మారదు. టైటానియం తుంటి కీళ్లకు, ఖరీదైన పంచ్‌లకు బాగు. చెరకు గానుగ రోలరుకు మాత్రం ఏమూలకూ రాదు. పైగా బీమ్ తిన్నగానే పోతుంది కాబట్టి గుండ్రటి వస్తువును తిప్పుతూ ఉండాలి. లోతైన రంధ్రం లోపలి గోడకైతే అది అందనే అందదు.