తేదీ చెప్పిన ప్రవచనాన్ని ఎలా పరీక్షించాలి?

ప్రశ్న: మా సంఘంలో ఒక సహోదరుడు దానియేలు గ్రంథం నుంచి లెక్క కట్టి ప్రభువు రాకడ ఏ సంవత్సరమో చెబుతున్నారు. లెక్కలో తప్పు కనబడటం లేదు. ఇద్దరు ముగ్గురు ఉద్యోగాలు మానేస్తామంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: లెక్క సరిపోయినంత మాత్రాన అర్థం సరైనదైపోదు. అమెరికాలో విలియం మిల్లర్ అనే బాప్టిస్టు బోధకుడు వేసిన లెక్క చూడండి. దానియేలు 8:14లో 2300 దినాలని ఉంది. సంఖ్యాకాండము 14:34, యెహెజ్కేలు 4:6 ఆధారంగా దినమంటే సంవత్సరమని ఆయన తీసుకున్నారు. లెక్క పారసీక రాజు అర్తహషస్త ఏలుబడి ఏడో ఏట, అంటే క్రీ.పూ. 457లో మొదలైందన్నారు. పరిశుద్ధస్థలం పవిత్రం కావడమంటే రాకడే అన్నారు. 2300లోంచి 457 తీసేస్తే 1843. క్రీ.పూ. 1కీ క్రీ.శ. 1కీ మధ్య సున్నా సంవత్సరం లేదు కాబట్టి తర్వాత 1844కు జరిపారు. చివరికి ఆయన అనుచరులు అక్టోబరు 22 అని ఖాయం చేసుకున్నారు. కొందరు రైతులు పంట కోయకుండా పొలంలోనే వదిలేశారు. ఆ రోజు వచ్చింది, వెళ్లిపోయింది. తీసివేతలో తప్పు లేదు. కానీ దానికి ముందు పెట్టుకున్న ఆ మూడు అర్థాల్లో ఒక్కటీ 8:14లో రాసి లేదు.

మీ సహోదరుడి లెక్కనూ ఇలాగే విడదీయండి. కాగితం మీద ఎడమవైపు వచనంలో ఉన్న మాట, కుడివైపు ఆయన చేర్చిన అర్థం రాయండి. కుడివైపు ఏ ఒక్కటి కదిలినా తేదీ మారిపోతుంది. అది ఆయనతో కూర్చుని, గౌరవంగా, అపొస్తలుల కార్యములు 1:7 తెరిచి పెట్టుకుని చేయండి: కాలములను సమయములను తెలిసికొనుట మన పని కాదని ప్రభువే చెప్పారు.

ఉద్యోగాలు మానడాన్ని మాత్రం ఈ వారమే ఆపండి. 3వ శతాబ్దం ఆరంభంలో హిప్పోలిటస్ అనే క్రైస్తవ రచయిత రాసిన దానియేలు వ్యాఖ్యానంలో పొంతు (నేటి టర్కీ ఉత్తర తీరం) ప్రాంతపు సంఘనాయకుడొకరి సంగతి ఉంది. ఆయనకు కలలు వచ్చాయి, ఏడాదిలో తీర్పు వస్తుందన్నాడు. జనం పొలాలు బీడు పెట్టారు, ఆస్తులు అమ్ముకున్నారు. ఏడాది తిరిగేసరికి చేతిలో ఏమీ లేక అడుక్కున్నారు. అంతకంటే ఘోరం, తాను చెప్పింది జరగకపోతే లేఖనాలనే నమ్మవద్దని అతను ముందే అనేశాడు. తన కలను లేఖనానికి ముడిపెట్టాడు. విశ్వాసం దెబ్బతినేది ఇక్కడే.

ప్రశ్న: ప్రవచనం చెప్పి కానుక అడిగితే?

జవాబు: ఇవ్వకండి. ఆదిసంఘపు రచన డిడాకే 11వ అధ్యాయం ఈ విషయంలో ఖండితంగా ఉంది: ఆత్మవశుడనై మాట్లాడుతున్నానంటూ తనకు డబ్బు ఇమ్మని అడిగేవాడి మాట వినవద్దు, అవసరంలో ఉన్న వేరొకరి కోసం అడిగితే మాత్రం తీర్పు తీర్చవద్దు.

ప్రశ్న: ఇన్ని మోసాలుంటే ప్రవచనాలను పూర్తిగా ఆపేయడం మంచిది కాదా?

జవాబు: కాదు. “ప్రవచించుటను నిర్లక్ష్యము చేయకుడి” అన్న వెంటనే “సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి” అని ఉంది (1 థెస్సలొనీకయులకు 5:20, 21). ఎవరైనా ప్రవచిస్తే ఆ రోజే వారి మాటలను ఉన్నవున్నట్టు రాసి, తేదీ వేయండి. రాయకపోతే, నెరవేరనప్పుడు మాటే మారిపోతుంది, “ఆత్మీయంగా జరిగింది” అంటారు. 1 కొరింథీయులకు 14:29 ప్రకారం తక్కినవారు వివేచించాలి. ప్రవచించినవారే తమ మాటకు తీర్పరులు కాకూడదు. పెళ్లి, ఆస్తి అమ్మకం, మందులు మానడం లాంటివి ఒక్కరి ప్రవచనం మీద నిర్ణయించవద్దు.

అంతియొకయలో అగబు కరవు వస్తుందన్నాడు, రోమా చక్రవర్తి క్లౌదియ కాలంలో వచ్చింది (అపొస్తలుల కార్యములు 11:28–30). ఆ మాట విన్న శిష్యులు ఉన్నది అమ్ముకుని కొండలెక్కలేదు. ఎవరి శక్తికొద్దీ వారు సొమ్ము పోగుచేసి, బర్నబా, సౌలు చేతికిచ్చి యూదయలోని సహోదరులకు పంపారు.