ఉత్పత్తికి జీవితచక్రమా?

సందేహం: ‘ఈ ఉత్పత్తి జీవిత చక్ర అంచనా ప్రకారం పర్యావరణంపై ప్రభావం తక్కువ’ అని ఒక వ్యాసంలో చదివాను. ప్రాణం లేని వస్తువుకు జీవితం ఉంటుందా? ‘అంచనా’ సరైన మాటేనా? అందులోనే ‘ఊయల నుంచి సమాధి వరకు’ అని కూడా ఉంది. ఇది తెలుగేనా?

సమాధానం: జీవితం గురించి బెంగ అక్కరలేదు. బ్యాటరీకి ఆయుష్షు ఉందంటాం, బొమ్మకు ప్రాణం పోశామంటాం. నా అనుమానమల్లా ‘చక్రం’ మీద. సీతాకోకచిలుక జీవితచక్రం గుడ్డుతో మొదలై మళ్లీ గుడ్డు దగ్గరికే చేరుతుంది. తవ్వి తీసిన ఖనిజం వస్తువై, వాడుకలో అరిగి, చెత్తకుప్పలో పడితే తిరిగి వచ్చేదేముంది? కరిగించి మళ్లీ వాడితేనే చక్రం, లేదంటే గీత. అయినా మాట కుదురుకుపోయింది, ఇప్పుడు కదిలించడం వృథా. ‘జీవనచక్రం’ కూడా తప్పు కాదు గానీ, జీవనోపాధి, జీవనభృతి వంటి మాటల వల్ల తెలుగులో ‘జీవనం’ బతుకుతెరువు వైపు మొగ్గింది.

మీరు అడగని ‘ఉత్పత్తి’లోనే పెద్ద చిక్కుంది. ఆ మాటకు తయారైన వస్తువనీ అర్థమే, తయారుచేయడమనీ అర్థమే. ‘ఉత్పత్తులు’ అని బహువచనంలో రాస్తే వస్తువులని తెలిసిపోతుంది. ఏకవచనంలో ‘ఉత్పత్తి ప్రభావం’ అంటే ఎటైనా లాగవచ్చు. ఉత్పత్తి, స్థితి, లయం అని పెద్దలు చెప్పే మూడింటిలో ఇది మొదటిది మాత్రమే. వస్తువు పుట్టుక నుంచి పారేసేదాకా పర్యావరణంపై పడే ప్రభావాన్ని తేల్చే ఈ లెక్కకు మూడూ కావాలి. స్మార్ట్‌ఫోను వల్ల పర్యావరణంపై భారం చాలావరకు తయారీలోనే పడుతుంది. విద్యుత్ కెటిల్ భారం వాడుకలో, నీళ్లు కాచిన ప్రతిసారీ పెరుగుతుంది. ఈ తేడా చెప్పవలసిన చోటే రెండర్థాల మాట వాడితే ఎలా? ‘వస్తువు’ అనండి, సరిపోతుంది.

ఇక అంచనా. జరగబోయేదాన్ని ముందుగా ఊహించి చెప్పేది అంచనా: ఖర్చు అంచనా, వర్షపాతం అంచనా. ఇంకా కట్టని ప్రాజెక్టు పర్యావరణాన్ని ఏం చేస్తుందో చెప్పేటప్పుడు అది చక్కగా అతుకుతుంది. వస్తువు జీవితచక్రం విషయంలో పని వేరు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ఇచ్చిన 14040 ప్రమాణం (తొలి రూపం 1997, సవరణ 2006) ప్రకారం ముందు లక్ష్యమూ హద్దులూ గీసుకోవాలి, లోపలికి వెళ్లిన ముడిసరుకు, నీరు, ఇంధనం, బయటికొచ్చిన పొగ, వ్యర్థాలు జాబితా కట్టాలి, వాటి ప్రభావం తూచాలి, ఫలితానికి అర్థం చెప్పాలి. ఇందులోనూ ఊహలు ఉండకపోవు గానీ, పద్దు రాసి తేల్చే పనికి పన్నుల వాళ్ల ‘మదింపు’ నయం. ‘మదింపు చేయడం’ అనే రాయండి; ‘మదించడం’ అంటే ఏనుగు గుర్తొస్తుంది. ‘జీవితచక్ర మదింపు’ మిశ్రసమాసం, దోషం లేదు.

ఊయల, సమాధి ఇంగ్లీషు నుంచి మాటకు మాట దిగినవి. ‘పుట్టింది మొదలు గిట్టేదాకా’ అంటే హాయిగా ఉంటుంది. అయితే గిట్టడానికి లాభసాటిగా ఉండడమనీ అర్థముంది కాబట్టి, వ్యాపార వార్తల్లో కాస్త జాగ్రత్త! అన్నట్టు, అన్ని నివేదికలూ అంత దూరం పోవు. కొన్ని ఫ్యాక్టరీ గేటు దగ్గరే లెక్క ఆపేస్తాయి. వాటి గురించి రాసేటప్పుడు మాత్రం ‘ఉత్పత్తి ప్రభావం’ అని నిశ్చింతగా అనవచ్చు.