ఆర్‌ఎన్‌ఏ రీసెర్చ్ చేస్తానంటోంది, ఎమ్మెస్సీ ఎందులో?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి, రొయ్యల చెరువులున్నాయి. అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది, మైనర్ బయోటెక్నాలజీ. జన్యువులను పనిచేయనివ్వని ఆర్‌ఎన్‌ఏను పెప్టైడ్లతో కణంలోకి పంపే రీసెర్చ్ చేస్తానంటోంది. ఎమ్మెస్సీ ఎందులో చేయించాలి? తిండి పెట్టే చదువేనా?

జవాబు: ఆర్గానిక్ కెమిస్ట్రీ చేయించండి. బయోటెక్నాలజీకి మారిస్తే చేతిలో ఉన్న బలం పోతుంది.

ఈ పనిలో తప్పులు ఎక్కువగా జరిగేది కెమిస్ట్రీ దగ్గరే. అమ్మాయి చెప్పే ఆ ఆర్‌ఎన్‌ఏను ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ అంటారు. ఒక్కోదానికి 40 దాకా రుణావేశాలుంటాయి, ఒంటరిగా కణం పొర దాటలేదు. అందుకే ధనావేశమున్న పెప్టైడ్‌ను, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసును, చుట్టూ కడతారు. ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లానికి ఒక ధనావేశం ఉంటుంది; 9 ఆర్జినైన్ల పెప్టైడ్ అయితే లెక్క సరిపోవడానికి నాలుగైదు చాలు. కానీ ఆవేశాలు సమానమైన చోటే ముద్దలు కట్టి అడుగుకు దిగుతాయి, కాబట్టి పెప్టైడ్ కొన్ని రెట్లు ఎక్కువే వేస్తారు. పది రెట్లంటే సుమారు 45. ఇక్కడో మెలిక ఉంది. కొన్న పెప్టైడ్ పొడి మామూలుగా ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లంతో కలిసిన లవణం. ఈ పెప్టైడ్‌లో అయితే బరువులో 40 శాతం పైనే ఆ ఆమ్లానిది. తూకాన్ని నమ్మి కలిపితే నిష్పత్తి దాదాపు సగానికి పడిపోతుంది. తప్పు ఎక్కడుందో కెమిస్ట్రీ పిల్లలకు త్వరగా తడుతుంది.

ఆ తర్వాతి చిక్కు మీకు తెలిసిన పంటు లాంటిది: ఎక్కించడం కంటే అవతలి రేవులో దించడమే కష్టం. కణం మింగిన ఆర్‌ఎన్‌ఏలో చాలాభాగం ఎండోసోమ్ సంచిలోనే ఇరుక్కుంటుంది. ఆర్‌ఎన్‌ఏకు తగిలించిన రంగు మైక్రోస్కోపులో మెరిసిందని మురిసిపోకూడదు. ఆ జన్యువు నుంచి వచ్చే నకలు, ఎంఆర్‌ఎన్‌ఏ, తగ్గిందో లేదో క్యూపీసీఆర్ అనే కొలత పరీక్షతో చూడాలి. అక్షరాలు తారుమారు చేసిన ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏతో పోల్చాలి. కణాలు విషానికి చచ్చి కొలత తగ్గిందేమో కూడా చూసుకోవాలి.

తిండి సంగతి. 2018లో వచ్చిన తొలి ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ మందు పాటిసిరాన్ కొవ్వు నానోకణాల్లో వెళ్తుంది, పెప్టైడ్ మీద కాదు. కాబట్టి ఈ ఒక్క అంశాన్నే నమ్ముకోవద్దు. సాలిడ్ ఫేజ్ సింథసిస్ (పెప్టైడ్ తయారీ), హెచ్‌పీఎల్‌సీ (శుద్ధి చేయడం), మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణుభారం కొలవడం) వస్తే మాత్రం పెప్టైడ్ మందులు తయారుచేసే హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో ఎమ్మెస్సీతోనే ప్రయత్నించవచ్చు. పీహెచ్‌డీకి వెళ్తే సీఎస్‌ఐఆర్ ఇచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు. కానీ ఐదేళ్లు పడుతుంది, పెళ్లి తొందరలు ఇప్పుడే పక్కన పెట్టండి.

ఇప్పటి నుంచే ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష ఐఐటీ జామ్ కెమిస్ట్రీకి చదవనివ్వండి. వేసవిలో ఏదైనా ల్యాబ్‌లో రెండు నెలలు పనిచేయించండి. ఇందుకోసం హైదరాబాద్ తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, పక్కనే కణజీవశాస్త్ర సంస్థ సీసీఎంబీ ఉన్నాయి. ఆచార్యులకు తనే మెయిల్ రాయాలి, సిఫారసు వెతక్కండి.

అన్నట్టు, మీ చెరువుల్లో తెల్లమచ్చ వైరస్ మీదా ఇదే చిక్కు. రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ ఎక్కిస్తే ల్యాబ్‌లో రొయ్య తట్టుకుంది. చెరువులో ఒక్కో రొయ్యకూ సూది గుచ్చలేం, మేతలో వేస్తే పేగులో విరిగిపోతుంది. అమ్మాయిని అడగండి, దాన్ని ఎలా కాపాడతావని.