సాధారణ సంక్షేమమా, సార్వత్రిక క్షేమమా?

సందేహం: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా నాన్నగారి కోసం అమెరికా రాజ్యాంగంలోని కొన్ని భాగాలను తెలుగు చేస్తున్నాను. మొదటి అధికరణం ఎనిమిదో విభాగం ఆరంభాన్ని ఇలా రాశాను: "పన్నులు విధించి వసూలు చేయడానికీ, అప్పులు తీర్చడానికీ, ఉమ్మడి రక్షణకూ, సాధారణ సంక్షేమానికీ కాంగ్రెసుకు అధికారం ఉంటుంది." 'జనరల్ వెల్ఫేర్'ను 'ప్రజా సంక్షేమం' అనాలని మిత్రులంటున్నారు. ఏది సరైనది? ఫెడరల్ ప్రభుత్వాన్ని 'కేంద్ర ప్రభుత్వం' అనవచ్చా?

సమాధానం: అమ్మా, మీరు అడిగింది ఒక మాట గురించి. నాకు ముందుగా కంటబడినవి మాత్రం మీ వాక్యంలోని దీర్ఘాలు. 'చేయడానికీ, తీర్చడానికీ, రక్షణకూ, సంక్షేమానికీ' అన్నప్పుడు ఆ దీర్ఘాలు సముచ్చయాన్ని, అంటే 'ఇదీ అదీ కూడా' అని కలిపి చెప్పడాన్ని, సూచిస్తాయి. నాలుగూ సమాన హోదాగల పనులై కూర్చుంటాయి. అంటే సంక్షేమం పేరిట ఏ శాసనమైనా చేసే అధికారాన్ని మీ తెలుగు వాక్యం కాంగ్రెసుకు, అంటే అమెరికా చట్టసభకు, కట్టబెట్టింది! మూలంలో ఉన్న అధికారం పన్నులు వేయడమే. మిగిలినవి ఆ సొమ్ము దేనికన్నది చెబుతాయి. 1791లో జాతీయ బ్యాంకు బిల్లుపై అధ్యక్షుడు వాషింగ్టన్‌కు అభిప్రాయం రాసిచ్చినప్పుడు ఆయన విదేశాంగ మంత్రి జెఫర్సన్ చెప్పిందీ ఇదే: పన్ను వేయడం అధికారం, క్షేమం దాని ప్రయోజనం. కనుక దీర్ఘాలు తీసేసి ఇలా రాయండి: "సంయుక్త రాష్ట్రాల అప్పులు తీర్చడానికి, ఉమ్మడి రక్షణకు, సార్వత్రిక క్షేమానికి పన్నులు విధించి వసూలు చేసే అధికారం కాంగ్రెసుకు ఉంటుంది."

'సార్వత్రిక' ఎందుకన్నానో చెబుతాను. 'సాధారణ' శబ్దానికి అసలు అర్థం 'పలువురికి సమానంగా చెందినది' అనే. ఉపమాలంకారంలో ఉపమేయ ఉపమానాలు రెండింటిలోనూ ఉండే గుణాన్ని సాధారణ ధర్మం అన్నది ఆ అర్థంలోనే. కాని ఈనాటి తెలుగులో సాధారణమంటే మామూలు. సాధారణ జ్వరం, సాధారణ ప్రయాణికుడు అంటున్నాం. మీ నాన్నగారు 'సాధారణ సంక్షేమం' చదివితే, 'అయితే ప్రత్యేక సంక్షేమం వేరే ఉందా?' అని అడిగినా అడుగుతారు.

'ప్రజా సంక్షేమం'లో ఆ ఇబ్బంది లేదు. కాని 'జనరల్' మోస్తున్న హద్దు అందులో పూర్తిగా జారిపోయింది. 1791 డిసెంబరులో పరిశ్రమలపై ఇచ్చిన నివేదికలో నాటి ఆర్థిక మంత్రి హామిల్టన్ ఈ మాటను చాలా విశాలంగానే వ్యాఖ్యానించాడు. అయినా ఒక షరతు పెట్టాడు. ఖర్చు పెట్టే ప్రయోజనం సమాఖ్య అంతటా వర్తించాలి, లేదా వర్తించే వీలైనా ఉండాలి. ఒక్క చోటికి పరిమితం కాకూడదు. 'సర్వత్ర' అంటే అన్ని చోట్ల అని కదా! 'సార్వజనిక'లో జనం ఉంది, చోటు లేదు. 'సార్వత్రిక'లో చోటు ఉంది. సార్వత్రిక ఎన్నికలు అనే వాడుకతో అది అందరికీ తెలిసిన మాటే. సార్వత్రిక విశ్వవిద్యాలయం అన్నప్పుడు అర్థం వేరు, ఇక్కడ ఆ పొరపాటు పడే అవకాశం లేదు.

రాజ్యాంగ రచనలో ముఖ్యుడైన మాడిసన్ గీసిన హద్దు ఇంకా ఇరుకు. 'ఇంటికి కావలసిన సరుకులు తెండి' అని చెప్పి బియ్యం, పప్పు, నూనె అని చీటీ చేతికిస్తే, తేవలసింది చీటీలో ఉన్నవే. ఎనిమిదో విభాగంలో పన్నుల తర్వాత వచ్చే నాణేలు, తపాలా, సైన్యం వంటి పద్దుల జాబితాను ఆయన అలాగే చదివాడు. అందుకే 1817 మార్చి 3న, అధ్యక్ష పదవిలో తన చివరి రోజున, రోడ్లకు, కాలువలకు ఉద్దేశించిన బిల్లును తిప్పి పంపాడు. సుప్రీంకోర్టు 1936లో హామిల్టన్ అర్థాన్నే స్వీకరించింది. స్వీకరిస్తూనే, పంటల విస్తీర్ణాన్ని అదుపు చేయడం రాష్ట్రాల పరిధిలోనిదంటూ వ్యవసాయ చట్టాన్ని కొట్టేసింది. ఆ మరుసటి ఏడాదే వృద్ధాప్య భృతులను సమర్థించింది.

ఇక 'సంక్షేమం'. నిఘంటువు ప్రకారం తప్పు లేదు. అయితే మన చెవికి ఆ మాట పడగానే పింఛను, హాస్టలు, పథకం గుర్తుకొస్తాయి. రాజ్యాంగం రాసిన 1787లో 'వెల్ఫేర్' అంటే ఆ అర్థం లేదు, బాగుండడమనే. దానికి మనకు 'క్షేమం' ఉంది. 'ఇక్కడ మేమంతా క్షేమం' అని ఉత్తరాల్లో రాసుకున్న మాట. యోగక్షేమాలలో యోగమంటే లేనిది పొందడం, క్షేమమంటే ఉన్నదాన్ని కాపాడుకోవడం అని గీతాభాష్యంలో శంకరులు విడదీసి చెప్పారు. రక్షణ పక్కన నిలబడడానికి ఇంతకంటె తగిన మాట నాకు తోచడం లేదు.

ఫెడరల్‌ను 'కేంద్ర' అనవద్దు. మన రాజ్యాంగంలో ఏ జాబితాలోనూ లేని అధికారం 248వ అధికరణం ప్రకారం పార్లమెంటుకు చెందుతుంది, కాబట్టి ఇక్కడ కేంద్రమనే మాట నప్పుతుంది. అమెరికాలో దారి తిరగబడింది. 1791 నాటి పదో సవరణ ప్రకారం, సంయుక్త రాష్ట్రాలకు దఖలుపరచనివి, రాష్ట్రాలకు నిషేధించనివి అయిన అధికారాలు రాష్ట్రాలవి, లేదా ప్రజలవి. 'సమాఖ్య ప్రభుత్వం' అనండి, లేదా 'ఫెడరల్ ప్రభుత్వం' అనే ఉంచండి. ప్రవేశికలోనూ 'జనరల్ వెల్ఫేర్' వస్తుంది. అక్కడ కూడా 'సార్వత్రిక క్షేమం' అనే రాస్తే, రెండు చోట్లా ఉన్నది ఒకే మాట అని మీ నాన్నగారు పోల్చుకోగలుగుతారు.