పండ్ల రసంలో కలిపినా పెగ్గు పెగ్గే

ప్రశ్న: నా వయసు 47. నిజాంపేటలో ఉంటాం. నాలుగేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. షుగర్‌కి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర, బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటున్నాను. వంట చేయడం నాకు సరదా. ఎండాకాలం వచ్చిందంటే రైతుబజారు నుంచి మామిడి, పుచ్చకాయ, ముంజలు, పుదీనా తెచ్చి ఆదివారాలు మేడ మీద ఫ్రెండ్స్‌కి కాక్‌టెయిల్స్ చేసి పెడుతుంటాను. డబ్బా జ్యూస్‌లు ముట్టుకోను, అన్నీ తాజావే. మొన్న మధ్యాహ్నం నలుగురం కలిసి ఒక ఫుల్ బాటిల్ జిన్ పూర్తి చేశాం. నేను తాగింది మూడు గ్లాసులే. ఆ రాత్రి రెండింటికి ఒళ్లంతా చెమటలు, వణుకు. ఏదేదో మాట్లాడానని, చక్కెర నీళ్లు తాగించాక తేరుకున్నానని మా ఆవిడ చెప్పింది. మామిడి రసం వల్ల షుగర్ పెరిగిందా? రెండు రోజుల తర్వాత చేతివేళ్ల మీద మంట పుట్టి బొబ్బలు వచ్చాయి, ఇప్పుడు నల్లటి చారలు మిగిలాయి. వేడి చేసిందంటున్నారు. మామిడి మానేసి ఏ పండ్లతో చేసుకుంటే మంచిది?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మామిడి మీద రెండు నేరాలు మోపారు. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే రెండింటిలోనూ దాని తప్పేమీ కనిపించడం లేదు.

ముందు ఆ రాత్రి సంగతి. షుగర్ పెరిగితే దాహం వేస్తుంది, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి వస్తుంది, నీరసంగా ఉంటుంది. చెమటలు పట్టడం, వణుకు, గుండెదడ, పొంతన లేని మాటలు మాత్రం షుగర్ పడిపోయినప్పటి లక్షణాలు. చక్కెర నీళ్లతో తేరుకున్నారంటే అనుమానం ఇంకా బలపడుతోంది. మీరు వాడే గ్లిమిపిరైడ్, మీరు తిన్నా తినకపోయినా, ఇన్సులిన్ విడుదల చేయమని పాంక్రియాస్‌ను తొందరపెడుతూనే ఉంటుంది. మామూలు రోజుల్లో షుగర్ కాస్త తగ్గగానే కాలేయం గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. మద్యం తాగిన రోజు కాలేయం ఆ మద్యాన్ని వదిలించుకునే పనిలో పడుతుంది, గ్లూకోజ్ తయారీ బాగా తగ్గిపోతుంది. ఒకపక్క మాత్ర షుగర్‌ను దించుతుంటే, ఇంకోపక్క దాన్ని ఎత్తిపట్టాల్సిన కాలేయానికి తీరిక లేదు. మామిడి రసంలోని చక్కెర సాయంత్రానికే ఖర్చయిపోయి ఉంటుంది. అందుకే మధ్యాహ్నం తాగినా దెబ్బ అర్ధరాత్రి తగిలింది. ఆ రాత్రి భోజనం చేశారో లేదో మీరు రాయలేదు. మధ్యాహ్నం నుంచి కూర్చున్నవాళ్లు రాత్రి సరిగా తినరని నా అనుభవం.

ఇందులో ఇంకో చిక్కుంది. షుగర్ పడిపోయిన మనిషి, తాగిన మనిషి ఒకేలా కనిపిస్తారు. ఇద్దరికీ మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది. 'ఇంకా దిగలేదు, పడుకోనివ్వండి' అని లైట్ ఆపేస్తే ప్రాణం మీదకు రావచ్చు. మీ ఆవిడ అలా చేయకపోవడం మీ అదృష్టం. ఇకమీదట గ్లూకోమీటర్ మంచం పక్కనే ఉంచండి. రీడింగ్ 70 లోపు ఉండి, మింగగలిగే స్థితిలో ఉంటే మూడు టీస్పూన్ల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. ఇంకా 70 లోపే ఉంటే మరోసారి అంతే ఇవ్వాలి. షుగర్ 70 దాటాక అన్నమో, రొట్టో, పాలో ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. గ్లిమిపిరైడ్ వాడేవారిలో ఒకసారి లేచిన షుగర్ కొన్ని గంటల తర్వాత మళ్లీ పడొచ్చు. కాబట్టి తేరుకున్నారు కదా అని ఊరుకోకుండా ఆసుపత్రిలో చూపించుకోవాలి.

ఇక మూడు గ్లాసుల లెక్క. ఫుల్ బాటిల్ అంటే 750 మిల్లీలీటర్లు. నలుగురూ సమంగా తాగారనుకుంటే మనిషికి దాదాపు 187 మిల్లీలీటర్లు, అంటే ఆరు చిన్న పెగ్గులు. మన దగ్గర తయారయ్యే జిన్, వోడ్కా, విస్కీలలో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో పది గ్రాముల అసలు ఆల్కహాల్. మీ వంతుకు అరవై గ్రాముల పైనే వచ్చింది. గ్రాముకు 7 కేలరీల చొప్పున, పండ్ల రసం లెక్కలోకి రాకముందే 440 కేలరీలు. మూడొందల గ్రాముల పైచిలుకు అన్నంతో సమానం.

గ్లాసులు మూడే అయినా పెగ్గులు ఆరు ఎలా అయ్యాయంటే, అది పండు పనే. మంచి కాక్‌టెయిల్‌లో మద్యం ఘాటు తెలియకూడదంటారు కదా, ఒక డాక్టరుగా నాకు నచ్చనిది సరిగ్గా అదే. నీళ్లలోనో సోడాలోనో కలిపితే రెండో పెగ్గు దగ్గర గొంతు మంటే కొంత ఆపుతుంది. బంగినపల్లి గుజ్జు, నిమ్మరసం, పుదీనా, చల్లటి ఐస్ పడ్డాక ఆ మంట ఉండదు. దాహం తీరుతున్నట్టే ఉంటుంది, గటగటా తాగేస్తాం. పైగా ఇంట్లో బాటిల్ వంచి ఉజ్జాయింపుగా పోస్తారు. దగ్గు సిరప్ మూతకు 5, 10 అని గీతలుంటాయి, ఖాళీ సీసాది ఒకటి కడిగి పెట్టుకోండి. మీరు పెగ్గు అనుకుని పోసేది నీళ్లతో ఒకసారి కొలిచి చూస్తే చాలామందికి ఆశ్చర్యమేస్తుంది.

తాజా పండు డబ్బా జ్యూస్ కంటే మెరుగే, కాదనను. కానీ అందులో కలిపిన ఆల్కహాల్ తాజాదనం వల్ల తగ్గదు. చలవ కూడా చేయదు. ఒంట్లో నీటిని నిలబెట్టే హార్మోన్‌ను మద్యం అణచిపెడుతుంది, తాగిన దానికంటే ఎక్కువ మూత్రంగా పోతుంది. మీ బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ పని కూడా ఒంట్లోని ఉప్పు, నీళ్లు మూత్రంలో పంపించడమే. మే నెల మధ్యాహ్నం, నలభై దాటిన ఎండ, వేడెక్కిన స్లాబు, ఆ మాత్ర, ఆపైన ఆరు పెగ్గులు. ఇన్ని కలిస్తే లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మి పడిపోయేవాళ్లు ప్రతి వేసవిలో మా దగ్గరికి వస్తూనే ఉంటారు. ఒళ్లు బాగా ఎండిపోయిన స్థితిలో మెట్‌ఫార్మిన్‌తో పాటు ఎక్కువ మద్యం తోడైతే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకునే ప్రమాదం కూడా ఉంది. అరుదే, కానీ వస్తే ఐసీయూ దాకా వెళ్తుంది.

చేతుల సంగతికి వద్దాం. మీరు రాయకపోయినా ఒకటి ఊహిస్తున్నాను. నిమ్మకాయలు మేడ మీదే, ఎండలో కూర్చుని పిండారు కదా? నిమ్మ తొక్కలో, రసంలో ఫ్యూరానోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మానికి అంటుకున్నాక ఎండలోని యూవీఏ కిరణాలు తగిలితే చర్మం కాలినట్టే అవుతుంది. వెంటనే తెలియదు, ఒకటి రెండు రోజులకు మంట, ఎరుపు, బొబ్బలు వస్తాయి. తర్వాత గోధుమ రంగులోనో నలుపులోనో మచ్చలు పడి వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటాయి. విదేశాల్లో దీన్ని మార్గరీటా డెర్మటైటిస్ అని కూడా పిలుస్తారు, ఆ కాక్‌టెయిల్‌కు నిమ్మరసం పిండేవాళ్లలో కనిపిస్తుంది కాబట్టి. రసం కారిన దారిలోనే చారలు పడటం దీని గుర్తు. మీ బీపీ మాత్ర కూడా ఎండకు చర్మాన్ని సున్నితం చేయగలదు, కానీ దానివల్ల వచ్చేది ముఖం, మెడ, ముంజేతులంతా పరుచుకుంటుంది, ఇలా వేళ్ల మీద గీతల్లా ఉండదు. ఒకసారి వేళ్లు చూపిస్తే ఖాయంగా చెప్పొచ్చు.

బొబ్బలు మిగిలి ఉంటే చిదమకండి. మామూలు మాయిశ్చరైజర్, బయటికి వెళ్తే సన్‌స్క్రీన్ చాలు. నలుపు పోవాలని నిమ్మ చెక్కతో రుద్దమని ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు. దయచేసి రుద్దకండి, మళ్లీ మొదటికొస్తుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములూ వద్దు. ఇకమీదట నిమ్మకాయలు వంటింట్లోనే పిండి, సబ్బుతో చేతులు, మణికట్లు కడుక్కున్నాకే మేడ ఎక్కండి. మామిడికాయ తొడిమ దగ్గర కారే సొన వల్ల కూడా చర్మం పొక్కుతుంది. ఆవకాయ ముక్కలు కొట్టే రోజుల్లో పెదాలు, వేళ్లు పొక్కినవాళ్లు వస్తుంటారు. అది ఎండతో పనిలేని అలర్జీ. కాయలను నీళ్లలో వేసి, సొన కడిగి, తుడిచి కోసుకుంటే చాలావరకు తప్పుతుంది. 'వేడి చేయడం' అని మనం ఒకే మాటతో సరిపెట్టేవాటిలో ఇలా విడివిడి కారణాలుంటాయి.

మద్యం పోస్తాం కాబట్టి క్రిములు చస్తాయన్న ధైర్యం కూడా వద్దు. శానిటైజర్‌లో కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉండాలి. మీ గ్లాసులో ఉండేది పది, పన్నెండు. కాబట్టి పుదీనా ఆకుల మట్టి పోయేదాకా రెండు మూడు నీళ్లలో కడగండి. పుచ్చకాయను కోసే ముందు పైతొక్క కూడా కడగాలి, లేదంటే కత్తితో పాటే మురికి లోపలికి వెళ్తుంది. ఐస్ ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్లతోనే చేసుకోండి. టైఫాయిడ్, పచ్చకామెర్లు తెచ్చే క్రిములు గడ్డకట్టినంత మాత్రాన చావవు.

ఏ పండు మంచిదని అడిగారు. మామిడి మానక్కర్లేదు. వంద గ్రాముల ముక్కల్లో సుమారు 14 గ్రాముల చక్కెర ఉంటుంది. భోజనంలో ఆ మేరకు అన్నం తగ్గించి, ముక్కలుగా తింటే మీ షుగర్ అదుపులో ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. ఒక్క గ్లాసులో కాయంతా గుజ్జు చేసి పోస్తేనే ఇబ్బంది, ఏడెనిమిది స్పూన్ల చక్కెర తాగినట్టు. పుచ్చకాయలో తొంభై శాతానికి పైగా నీళ్లే, ఓ గిన్నెడు తినొచ్చు, జ్యూస్ మాత్రం వద్దు. నన్నడిగితే ఈ కాలానికి ముంజలను మించింది లేదు. లేతవి చూసి తీసుకోండి, వేలితో నొక్కితే లోపల నీళ్లు కదలాలి. పైపొర ఒలిచి ముక్కలు చేసి, నానబెట్టిన సబ్జా గింజలు, రెండు పుదీనా ఆకులు, కాస్త నిమ్మరసం, చల్లటి నీళ్లు కలిపి చూడండి. చక్కెర అక్కర్లేదు. కాల్చిన మామిడికాయ గుజ్జులో వేయించిన జీలకర్ర పొడి వేసి పల్చగా చేసుకునే పానకం కూడా బాగుంటుంది. బెల్లం వేయకండి, ఉప్పు చిటికెడు దాటొద్దు. గ్లాసు అంచుకు ఉప్పు అద్దడం, పక్కన ఆవకాయ, చిప్స్, మిర్చి బజ్జీ పెట్టుకోవడం మీ బీపీకి సరిపడవు. రోజంతా కలిపి ఉప్పు 5 గ్రాములు మించొద్దంటారు. నంజుకోవడానికి ఉడికించిన పల్లీలు, కీరా ముక్కలు, పెసర గుగ్గిళ్లు పెట్టండి.

మద్యం విషయంలో నా మాట సూటిగానే ఉంటుంది. ఎంత తాగినా ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమనే మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. మీకైతే ఇప్పుడున్న మాత్రలతో ఒక్క పెగ్గుకు కూడా నేను ఒప్పుకోను. 'ఆదివారం మాత్ర ఆపేసి తాగుతా' అంటారు కొందరు. ఆ తెలివి అసలు వద్దు, మాత్రలు ఆపడం, మార్చడం డాక్టరు పని. షుగర్‌ను ఒక్కసారిగా పడేయని మాత్రలు వేరే ఉన్నాయి, మీకు సరిపోతాయేమో డాక్టరుతో మాట్లాడండి. ఎంత తాగారో దాచకుండా చెప్పండి, లెక్క తెలియకుండా మాత్ర రాస్తే మళ్లీ ఇదే జరుగుతుంది. ఇక మీ ఫ్రెండ్స్ ఆ రోజు బండి నడుపుకుంటూ వెళ్లారా? రక్తంలో వంద మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితేనే కేసు. ఆరు పెగ్గులతో ఆ గీత ఎప్పుడో దాటిపోతారు.

ఈ వారంలోనే మీ డాక్టరును కలవండి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), సోడియం, పొటాషియం, లివర్ ఫంక్షన్ పరీక్షలు చేయించుకోండి. వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు, గ్లూకోమీటర్‌లో ఆ వారం రీడింగులు పట్టుకెళ్లండి. ఈలోగా రాత్రిపూట మళ్లీ చెమటలు పడితే తెల్లారేదాకా ఆగకుండా దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లండి.