ఉన్న పూల్‌కు రెండో డిస్క్ జతచేసే ముందు

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

ఇంటి సర్వర్‌లో ఒకే డిస్క్ మీద నడుస్తున్న జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్‌కు (ఆ ఫైల్ సిస్టమ్ డిస్కులను కలిపి వాడే నిల్వకు) మిర్రర్, అంటే అదే డేటా ఉండే రెండో డిస్క్, పెడతానని రాశావు. మంచి పని. దానికి పూల్‌ను చెరిపి మళ్లీ కట్టక్కర్లేదు, ఫైళ్ల వాడకం ఆపక్కర్లేదు. ఒక్క కమాండ్ దగ్గర మాత్రం చెయ్యి ఆగాలి.

నీకు కావాల్సింది జెడ్‌పూల్ అటాచ్, జెడ్‌పూల్ యాడ్ కాదు. అటాచ్ చేస్తే కొత్త డిస్క్ పాతదానికి నకలవుతుంది. యాడ్ చేస్తే పూల్ సైజు పెరుగుతుంది, అంతే. అక్కణ్ణుంచి రాసే డేటా రెండు డిస్కులకూ పంచుకుపోతుంది, ఏ ఒక్కటి చెడినా మొత్తం పూల్ గోవిందా. భద్రత కోసం కొన్న డిస్కే ముప్పును పెంచుతుందన్నమాట. పైగా జెడ్‌ఎఫ్‌ఎస్ నిన్ను ఆపదు. మిర్రర్ ఉన్న పూల్‌కు ఒంటి డిస్క్ యాడ్ చేయబోతే మొరాయిస్తుంది గానీ, నీలాంటి ఒంటి డిస్క్ పూల్‌కు ఇంకొకటి ఇస్తే దానికి తప్పేమీ కనపడదు. లైనక్స్‌లో 2019 నాటి 0.8 వెర్షన్ నుంచి జెడ్‌పూల్ రిమూవ్‌తో ఇలాంటి డిస్కును వెనక్కి తీయొచ్చులే. అయినా దాన్ని నమ్ముకుని తొందరపడకు. తీసేసిన డిస్క్‌లోని డేటా ఎక్కడికి చేరిందో చెప్పే పట్టిక ఒకటి పూల్‌లో మిగిలిపోతుంది, కొంత మెమరీ కూడా తింటుంది.

ముందు బ్యాకప్ తీసుకో. నకలు తయారయ్యేటప్పుడు, అంటే రీసిల్వర్ జరుగుతున్నంతసేపూ, పాత డిస్క్ మీదున్న డేటా అంతా చదవాలి. అరిగిపోయిన డిస్క్ ఆ ఒత్తిడికే చేతులెత్తేయొచ్చు. తర్వాత స్క్రబ్ నడుపు, అంటే పూల్‌లోని డేటా అంతా చదివి సరిగ్గా ఉందో లేదో చూసే తనిఖీ. ఒంటి డిస్క్‌లో పాడైన ఫైల్‌ను స్క్రబ్ పట్టిస్తుంది గానీ మామూలుగా బాగుచేయలేదు, రెండో కాపీ లేదు కదా. జెడ్‌పూల్ స్టేటస్ కమాండ్‌కు వి (-v) ఆప్షన్ ఇస్తే ఆ ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి. వాటిని బ్యాకప్ నుంచి తెచ్చుకో, మిర్రర్ వచ్చినా అవి బాగుపడవు.

కొత్త డిస్క్ పాతదానికి సమానంగానో పెద్దగానో ఉండాలి. డబ్బా మీద రెండింటికీ 4 టీబీ అనే ఉన్నా, కంపెనీ మారితే లోపలి సెక్టార్ల లెక్క కాస్త తేడా రావచ్చు. ఎస్‌ఎమ్‌ఆర్ రకం (ట్రాకులు ఒకదాని మీదకొకటి కాస్త ఎక్కేలా రాసే డిస్క్) మాత్రం కొనకు, రీసిల్వర్ నత్తనడక నడుస్తుంది. కొన్నాక స్మార్ట్ లాంగ్ టెస్ట్, అంటే డిస్క్ తనను తానే మొత్తం పరీక్షించుకునే టెస్ట్, పెట్టు.

లైనక్స్ డిస్కులకు వరసగా పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లతో కమాండ్ ఇవ్వకు. రీబూట్‌కు అవి తారుమారు కావచ్చు. సీరియల్ నంబర్ కలిసి ఉండే బై-ఐడీ పేర్లు వాడు, ఆ నంబర్‌ను డిస్క్ మీది స్టిక్కర్‌తో సరిచూసుకో. కమాండ్‌లో వరస ఇది: పూల్ పేరు, పాత డిస్క్, కొత్త డిస్క్. పాత డిస్క్ పేరు జెడ్‌పూల్ స్టేటస్‌లో ఎలా ఉందో అలాగే ఇవ్వు.

ఎంటర్ కొట్టగానే స్టేటస్ చూడు. మిర్రర్-0 అనే లైను కింద రెండు డిస్కులూ కనిపిస్తే సరిగ్గా పడినట్టే. రెండూ ఎవరికి వారుగా వేర్వేరు లైన్లలో ఉంటే యాడ్ అయిపోయిందని అర్థం, ఇంకేమీ ముట్టుకోకుండా నాకు ఫోన్ చెయ్యి. అంతా బాగుంటే రీసిల్వర్ అయ్యేదాకా టెన్షన్ పడకుండా పూల్ వాడుకో, అయ్యాక మరో స్క్రబ్ నడుపు.

సర్వర్ బూటయ్యేది కూడా ఈ పూల్ నుంచే అయితే ఇంకో పని ఉంది. అటాచ్ పూల్ డేటాకే నకలు తీస్తుంది, సిస్టమ్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్‌ను ముట్టుకోదు. దాన్ని కొత్త డిస్క్ మీద విడిగా పెట్టాలి. కాబట్టి అటాచ్ చేయకముందే బూట్ పార్టిషన్‌కు చోటు వదులుకో.

ఇట్లు,
మీ బాబాయి