ప్రాజెక్టు దరఖాస్తుకి రివ్యూ రాసేముందు

శ్రీకాకుళం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

పరిశోధన నిధులు అడిగే దరఖాస్తులు నీ దగ్గరికి రివ్యూకి వచ్చాయన్నావు. ముందు పేర్లు చూడమ్మా. ఈమధ్య కలిసి పేపరు రాసినవాళ్ళున్నా, మీ గైడే వాళ్ళకీ గైడైనా ఆ రోజే వెనక్కి పంపేయి. గడువు ముందురోజు చెబితే ఇంకొకరు దొరకరు. ఫైలుని చాట్‌జీపీటీకిచ్చి సారాంశం అడగకు, గుట్టు బయటపెట్టినట్టే. అమెరికాలో వైద్య పరిశోధనకి నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ 2023లోనే ఆ పని కూడదంది.

మొదటిసారి పెన్ను పట్టకుండా చదువు. రెండోసారి లక్ష్యాలు, పద్ధతి, బడ్జెట్ పక్కపక్కన పెట్టుకో. లోపాలన్నీ ఆ మూడింటి మధ్యే ఉంటాయి.

మన ఉద్దానం కిడ్నీ జబ్బు మీద దరఖాస్తే వచ్చిందనుకో. కవిటి, సోంపేట పేర్లు చూడగానే మనసు కరుగుతుంది. కరగనీ, మార్కులు మాత్రం పద్ధతికే. దీర్ఘకాలిక జబ్బు అనాలంటే కిడ్నీలో తేడా 3 నెలలకి మించి నిలవాలి. ఒక్కసారే రక్తం తీసి ఈజీఎఫ్ఆర్ (రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థాన్ని బట్టి కట్టే కిడ్నీ వడపోత లెక్క) 60 కన్నా తగ్గినవాళ్ళందర్నీ రోగులంటే, జీడితోటలో ఎండకి ఒంట్లో నీరు తగ్గి ఆ పూట క్రియాటినిన్ పెరిగినవాళ్ళూ లెక్కలో పడతారు. రెండో పరీక్షకి మనిషీ డబ్బూ బడ్జెట్లో ఉన్నాయా? ఇక శాంపిల్. ఒక ఊరివాళ్ళు తాగే నీరూ చేసే పనీ ఇంచుమించు ఒకటే. ఊరికి 21 మందిని తీస్తే, ఐసీసీ (ఒకే ఊరివాళ్ళు ఒకరినొకరు ఎంత పోలి ఉంటారో చెప్పే అంకె) 0.05 అయితే, శాంపిల్ ఎన్ని రెట్లు కావాలో ఇలా తేలుతుంది: 1 + (21 − 1) × 0.05 = 2. 400 మంది చాలనుకున్నచోట 800 మంది కావాలి. ఇవాళ్టి బావినీళ్ళ పరీక్ష పదేళ్ళ క్రితం వాళ్ళేం తాగారో చెప్పదన్నది చాలామంది మర్చిపోతారు.

“శాంపిల్ చాలదు” అని వదిలేస్తే అది రివ్యూ కాదు, విసుగు. ఏ పేజీలో, ఏం లేదు, దానివల్ల ఏ ఫలితం చెడుతుంది, సరిదిద్దే వీలుందా, ఈ నాలుగూ రాయి. పనిని మొదలంటా కూల్చే లోపాన్ని పైన పెట్టు. అచ్చుతప్పులు రాయకపోయినా నష్టం లేదు. “వీరికి తెలియదు” అనకు, “దరఖాస్తులో లేదు” అను. నువ్వైతే చేసే ప్రాజెక్టు వాళ్ళ నెత్తిన రుద్దకు. సంస్థ పేరుకీ, పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌కీ (అందులోని పేపర్లని ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే అంకె) మార్కులెయ్యకు. ఆ రెండో సంగతి, పరిశోధనని ఎలా తూచాలో చెప్పే 2012 నాటి డోరా ప్రకటన గట్టిగానే చెప్పింది.

స్కోరు వేసేముందు కొలబద్ద చదువు. ఎన్‌ఐహెచ్‌లో 1 అంటే అత్యుత్తమం, 9 అధమం; కొన్నిచోట్ల తలకిందులు. మాటల్లో పొగిడి అంకెల్లో కోస్తే కమిటీ దేన్ని నమ్మాలి?

ఒక రాత్రి ఆగి, నీకే వచ్చిన రివ్యూ అనుకుని చదివి పంపు. ఫైళ్ళు చెరిపేయి. తర్వాత ఏ సెమినార్లోనో ఆ మనిషి ఎదురైనా “మీది నేనే చూశాను” అనకు.

మీ మావయ్య